పిల్లకు మందు దొరికింది, బస్సు కిరాయి దొరకలేదు

పోయిన నెల జీతాల రోజు సాయంత్రం మా క్యాంపులో మళ్ళీ ఒక నోటుబుక్కు తిరిగింది. పేరు, రూము నంబరు, ఇచ్చిన దిర్హాములు. ఇలాంటి పుస్తకం తిరగని క్యాంపు గల్ఫులో లేదు. ఎవరి తండ్రికో గుండె ఆపరేషను, ఎవరి చెల్లెలికో పెళ్ళి ఆగిపోయే పరిస్థితి, ఎవరో సైటులో పోతే శవాన్ని ఇంటికి పంపడం. పుస్తకం ముందుకు రాగానే మనవాళ్ళ చెయ్యి జేబులోకి పోతుంది. ఆ గుణం మనకుంది, అబద్ధం కాదు.

ఈసారి పుస్తకం మీద రాసిన పేరు చూసి మాకు నోట మాట రాలేదు. ఏడాదిన్నర కిందట ఇదే పేరు మీద, ఇదే క్యాంపులో చందా వేసుకున్నాం. మా దగ్గర స్టీల్ ఫిక్సరుగా పనిచేసే జగిత్యాల వైపు తమ్ముడు. అతని బిడ్డకు అప్పుడు నాలుగున్నరేళ్ళు. రక్త క్యాన్సరు. లుకేమియా అంటారు. తగ్గిందనుకున్న జబ్బు మళ్ళీ వచ్చింది.

"ఎట్లా వచ్చింది తమ్మీ?" అని అడిగితే తల దించుకుని "మధ్యలో ఆపేసినం అన్నా" అన్నాడు. మందు దొరకక ఆపలేదు. డాక్టరు లేక ఆపలేదు. హైదరాబాదు పోయి వచ్చే శక్తి అయిపోయి ఆపేశారు. ఆ ఒక్క మాట వల్లే మేము ఈ నాలుగు ముక్కలు రాయాల్సి వచ్చింది.

మేము సైటు సూపర్‌వైజర్లం. డిప్లొమా చదువులు చదివి, లెక్కలు రాసే పనికి వచ్చినవాళ్ళం. ఎస్టిమేటు వెయ్యనిదే పునాది తియ్యం. అందుకని ఒక సెలవు రోజు ఆ తమ్ముణ్ణి కూర్చోబెట్టి, మొదటి ఐదు నెలల్లో ఏం ఖర్చయిందో కాగితం మీద పెట్టాం. మీరూ చూడండి.

జబ్బు పేరు తెలిసేలోపే ఆరెంపీ డాక్టరు, మూడు ప్రైవేటు ఆసుపత్రులు, స్కానింగులు, జ్వరం ఇంజెక్షన్లు కలిపి 48,000 రూపాయలు. హైదరాబాదులో దవాఖానా దగ్గర ఒక గది, నెలకు 6,000 లెక్కన ఐదు నెలలకు 30,000. తిండి 40,000. బస్సులు, ఆటోలు 14,000. కార్డు లెక్కలోకి రాని పరీక్షలు, బయట కొన్న మందులు, రక్తం కోసం తిరుగుడు 41,000. తండ్రి ఇక్కణ్ణుంచి పోయి రావడానికి టికెట్లు 32,000. అతను పోయిన రెండు నెలలకు ఇక్కడ జీతం లేదు, అది 55,000. తల్లి ఊళ్ళో బీడీలు చుట్టేది, పిల్లతో దవాఖానాలో కూర్చున్నాక ఆ పని పోయింది, ఐదు నెలలకు 17,500. మొత్తం 2,77,500 రూపాయలు.

కీమో మందులకు, బెడ్డుకు వాళ్ళ చేతి నుంచి పడింది దాదాపు ఏమీ లేదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద సర్కారే కట్టింది. అంటే వైద్యం ఉచితంగా అందిన పిల్లకు రెండు లక్షల 77 వేలు ఖర్చయింది. ఆ ఇంటిని కూల్చింది ఆసుపత్రి బిల్లు కాదు, బిల్లులో కనపడని ఖర్చు.

మేము ఇక్కడ చందా వేసి పంపింది 3,100 దిర్హాములు, 71 వేల రూపాయల దాకా. మిగతాది ఊళ్ళో అప్పు. లక్షన్నర, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు మిత్తే 4,500. అతని జీతం 1,200 దిర్హాములు. మెస్సు, ఫోను పోను ఇంటికి పంపేది 18 వేలు. అందులో నాలుగో వంతు మిత్తికే పోతుంటే ఆరో నెలలో గది కిరాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్పటికి పిల్లకు జ్వరం పోయింది, జుట్టు మళ్ళీ మొలుస్తోంది, వాకిట్లో ఆడుకుంటోంది. "మంచిగనే ఉన్నది కదా, ఇంక సూదులెందుకు" అంది నాయనమ్మ. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక్కడే మనం ఒక సంగతి అర్థం చేసుకోవాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియాకు మొదటి నెల చికిత్సతోనే చాలామందికి జబ్బు కనపడకుండా పోతుంది. కాని లోపల మిగిలిన కణాలు పూర్తిగా చావాలంటే మొత్తం రెండున్నర నుంచి మూడేళ్ళ వైద్యం కావాలి. అందులో చివరి రెండేళ్ళ దాకా ఎక్కువగా మాత్రలే. మన పనిలో చెప్పాలంటే స్లాబు పోసిన మర్నాడే దాని మీద నడవొచ్చు. అలాగని సెంట్రింగు విప్పుతామా? పైకి గట్టిపడినట్టే ఉంటుంది, లోపల ఇంకా బలం రాలేదని మనకు తెలుసు. ఆ పిల్ల విషయంలో ఐదో నెలకే సెంట్రింగు విప్పేశాం. మందు ఆపకపోయినా కొందరికి జబ్బు తిరగబెడుతుంది, అది ఎవరి తప్పూ కాదు. కాని మధ్యలో ఆపితే తిరగబెట్టే ప్రమాదం చాలా పెరుగుతుంది. అప్పుడు రెండోసారి చేసే వైద్యం ఇంకా కఠినం, ఇంకా ఖరీదు.

"విప్పేశాం" అని మమ్మల్నీ కలుపుకుని రాశాం. తెలిసే రాశాం. చందా పంపిన రోజు వాట్సాప్‌లో అందరం దండాలు పెట్టుకున్నాం. మన పని అయిపోయిందనుకున్నాం. ఐదో నెలలో పిల్ల ఎట్లా ఉందని అడిగినవాడు మాలో ఒక్కడు లేడు.

ఇది ఒక్క మన క్యాంపు కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, 19 ఏళ్ళ లోపు వాళ్ళకు, క్యాన్సరు వస్తోంది. ధనిక దేశాల్లో నూటికి 80 మందికి పైగా బతికి బయటపడుతున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల నూటికి 30 మంది కూడా బయటపడడం లేదు. అదే జబ్బు, చాలావరకు అవే మందులు. తేడా ఎక్కడుందంటే జబ్బును ఆలస్యంగా గుర్తించడం, మందులు సమయానికి అందకపోవడం, సగంలో ఆపేయడం. ఈ మూడింటి వెనకా ఉన్నది డబ్బే.

2018లో ఆ సంస్థ ఒక లక్ష్యం పెట్టుకుంది. 2030 నాటికి ప్రపంచంలో క్యాన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి కనీసం 60 మంది బతకాలి. 2021లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 20 కోట్ల డాలర్లతో, పేద దేశాల పిల్లలకు క్యాన్సరు మందులు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. 2025లో మంగోలియా, ఉజ్బెకిస్తాన్‌లకు మొదటి మందులు చేరాయి. మంచిదే. కాని మందు ఆసుపత్రి దాకా వచ్చినా పిల్ల అక్కడికి చేరాలి కదా?

ఈ మందుల కథలో మన తెలుగువాడి చెయ్యి ఉందని మనలో ఎంతమందికి తెలుసు? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ కూలీగా రోగుల మలమూత్రాల పాత్రలు మోసి పొట్ట పోసుకున్నారు. మనలాగే బతుకుతెరువు వెతుక్కున్న వలస మనిషి. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. 1948లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందే లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయన బృందమే ఇచ్చిన మెథోట్రెక్సేట్ మాత్రను ఈనాటికీ లుకేమియా పిల్లలు వారానికోసారి వేసుకుంటున్నారు. అంత ఖరీదైన మాత్రేమీ కాదు. మన తెలుగు మనిషి కనిపెట్టిన మాత్ర మన తెలుగు పిల్లకు అందకపోవడానికి అడ్డం వచ్చింది బస్సు కిరాయి, గది అద్దె!

బస్సు కిరాయి, గది అద్దె చూసుకుంటే పిల్లలు బతుకుతారా అంటే బతుకుతారు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతం ఆ దేశంలో పేద ప్రాంతం. అక్కడ రెసిఫె పట్నంలో 1980లలో లుకేమియా పిల్లల్లో నూటికి 32 మందే ఐదేళ్ళు జబ్బు తిరగబెట్టకుండా గడిపారు. నూటికి 16 మంది చికిత్స మధ్యలోనే మానేశారు. తర్వాత పిల్లలకు ప్రత్యేక విభాగం పెట్టారు. శిక్షణ పొందిన నర్సులు వచ్చారు. దూరం నుంచి వచ్చే కుటుంబాలకు బస, ప్రయాణం చూశారు. 1997 తర్వాత వచ్చిన పిల్లల్లో నూటికి 63 మంది నిలబడ్డారు. మధ్యలో మానేసేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. బస, బస్సు మాత్రమే ఇదంతా చేశాయని మేము అనం. అవి లేకుండా మాత్రం ఇది జరిగేది కాదు.

డబ్బు దండగ అనుకునేవాళ్ళకు కూడా ఒక లెక్క ఉంది. 2020లో లాన్సెట్ ఆంకాలజీ పత్రిక తరఫున నిపుణులు లెక్కగట్టారు. పిల్లల క్యాన్సరు వైద్యం మీద పెట్టే ఒక్కో డాలరుకు, ఆ పిల్లలు పెరిగి పనిచేసి సంపాదించే దాన్ని బట్టి మూడు డాలర్లు తిరిగి వస్తాయట. నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పిచ్చే మన ఊరి సేటుకు కూడా ఇంత లాభం తెలియదు.

ఇక మన ప్రభుత్వాల సంగతి. చేసింది లేదని మేము అనం. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో మనకు తెలుసు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. తెలంగాణలో 2023 నుంచి, ఆంధ్రలో 2025 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. పిల్లను తీసుకుపోయే తల్లికి అది చిన్న మేలు కాదు. రైల్లో క్యాన్సరు రోగికి స్లీపరులో టికెట్టు లేదు, తోడు వెళ్ళేవాళ్ళకు నూటికి 75 తగ్గింపు.

అయినా లోటు ఎక్కడుందో పైన లెక్కలో కనపడుతోంది. ఒక్క మాట అడుగుతున్నాం. టీబీ రోగికి తిండి కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు నేరుగా ఖాతాలో వేసింది. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. మందు మధ్యలో ఆపకుండా ఉండాలంటే కడుపు నిండాలని టీబీ విషయంలో సర్కారుకు అర్థమైంది. క్యాన్సరు వచ్చిన పిల్ల విషయంలో ఎందుకు అర్థం కాదు? వైద్యం నడిచినన్నాళ్ళు ఆ కుటుంబానికి నెలకు బస, దారి ఖర్చు ఖాతాలో వెయ్యాలి. మాత్రలతో నడిచే చివరి రెండేళ్ళ రక్తపరీక్షలు జిల్లా ఆసుపత్రిలోనే చెయ్యాలి. తేదీకి రాని పిల్ల ఇంటికి ఎవరైనా ఫోను చెయ్యాలి. ఈ మూడూ కొత్త ఆసుపత్రి కట్టడం కంటే చవక. ఎన్నికలప్పుడు మన ఓట్ల కోసం గల్ఫుకు ఫోన్లు చేసే నాయకులు ఈ మాట వింటే సంతోషం.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకోవద్దు. అన్నలారా, తమ్ములారా, మనం ఇక్కడి నుంచే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, జబ్బును తొందరగా పసిగట్టడం. మనం పిల్లలను చూసుకునేది ఫోనులోనే. మొహం తెల్లగా పాలిపోవడం, వారాల తరబడి వదలని జ్వరం, దెబ్బ తగలకుండా వంటి మీద నల్లటి మచ్చలు, ఎముకల నొప్పులు, కడుపులో గడ్డ చేతికి తగలడం. ఇవి కనపడితే మూడో ఆరెంపీ దగ్గరికి పోకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పండి. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో చంటిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ముద్దుగా ఉందని వదిలెయ్యకండి. కంట్లో క్యాన్సరు కావచ్చు. తొందరగా చూపిస్తే ప్రాణం, చాలాసార్లు చూపు కూడా దక్కుతాయి. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ వాటికి కారణం తల్లి తిండీ కాదు, ఎవరి పాపమూ కాదు. భార్యను తిట్టి ఫోను పెట్టెయ్యకండి.

రెండు, అప్పుకు పోయేముందు కార్డు చూసుకోవడం. ఈ-కేవైసీ వేలిముద్ర వెయ్యడానికి మనం ఊళ్ళో ఉండం. రేషను కార్డులో మన పేరు, పిల్లల పేర్లు ఉన్నాయో లేదో ఇవ్వాళే ఇంటికి ఫోను చేసి అడగండి. పెద్దాసుపత్రికి పోయిన మొదటి రోజే అక్కడ ఆరోగ్యమిత్రను, సోషల్ వర్కరును కలవమనండి. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి సహాయ నిధి ఉన్నాయి. 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ సంస్థ, వైద్యం కోసం వచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇస్తుంది. హైదరాబాదులో కూడా వాళ్ళ కేంద్రం ఉంది. మా తమ్ముడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తెలియలేదు. ముప్పై వేల గది కిరాయి అట్లా పోయింది.

మూడు, టైం షీట్లు రాసే మనలాంటి సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు. పిల్లకు బాగాలేదని సెలవడిగినవాణ్ణి పని ఎగ్గొట్టేవాడిగా చూడకండి. ఏడాది సెలవు ముందే ఇప్పించడానికి, అతను వచ్చేదాకా అతని చోటు ఖాళీగా ఉంచడానికి ఆఫీసులో ఒక మాట చెప్పండి. చెప్పడానికి మనకు పైసా ఖర్చు లేదు.

నాలుగోది మా పుస్తకం సంగతి. పుస్తకం తిప్పి డబ్బు పోగుచెయ్యడం మనకు అలవాటు. కాని యూఏఈలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేని మనుషులు చందాలు వసూలు చెయ్యకూడదు. మంచికి పోయి కేసులో ఇరుక్కోవద్దు. అందుకని ఈసారి వచ్చిన పుస్తకాన్ని ఆపి, ఎవరి డబ్బు వాళ్ళకు ఇచ్చేశాం. ముప్పై మందిమి కూర్చుని చీటీ లాంటి పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో నెల ఒక్కొక్కరిది. ఆ నెల వంతు వచ్చినవాడు తన పేరు మీద, తన ఎక్స్ఛేంజి నుంచి, నేరుగా ఆ తల్లి ఖాతాకు 600 దిర్హాములు పంపుతాడు. మన రూపాయల్లో 13 వేలకు పైనే. గది కిరాయి, బస్సులు, కొంత తిండి అందులో గడుస్తాయి. నెలకు 20 దిర్హాములు పక్కన పెట్టుకుంటే ఎవరికీ బరువు కాదు. జీతం కొంచెం ఎక్కువున్న మేము, ఫోర్‌మన్లు మొదటి నెలలు తీసుకున్నాం. మధ్యలో ఎవరి వీసా అయిపోతే అతని నెల ఇంకొకడు తీసుకోవాలి. డబ్బు పంపిన రోజే పిల్ల ఎట్లా ఉంది, మళ్ళీ దవాఖానాకు తేదీ ఎప్పుడు అని అడిగి రాసిపెట్టాలి. మాకు డబ్బు కన్నా ఆ ఫోనే ముఖ్యం. మొదటిసారి మేము చెయ్యనిది అదే.

మీ క్యాంపులో కూడా ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఏడాది కిందట, రెండేళ్ళ కిందట మీరు చందా ఇచ్చి మరిచిపోయిన పేరు గుర్తుచేసుకోండి. ఈ రాత్రి ఆ రూముకు పోయి "బిడ్డ మందులు వేసుకుంటోందా?" అని అడగండి.

మా తమ్ముడి బిడ్డ రెండోసారి దవాఖానాలో చేరింది. ఈసారి కష్టమేనని డాక్టర్లు దాచకుండానే చెప్పారు, అయినా వైద్యం మొదలుపెట్టారు. అతను పొద్దున నాలుగున్నరకు మాతోనే బస్సెక్కుతున్నాడు. మా కొత్త పుస్తకంలో ముప్పై గళ్ళు గీశాం. మొదటి గడి నిండింది.